సయాం వీసాకు పనికిరాని ఫోటో

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి తూర్పు దేశాలు చూడటానికి వెళ్లినవాళ్లందరినీ ఒకప్పుడు నేనే పంపించాను. రంగూన్ కానీ, సింగపూర్ కానీ, సయాం కానీ, ఏ దేశపు వీసా కావాలన్నా ముందు మా స్టూడియోలో స్టూలు మీద కూర్చోవలసిందే. నేను గడ్డం ఎత్తమంటే ఎత్తేవాళ్లు, ఊపిరి పట్టమంటే పట్టేవాళ్లు. సగం ఆసియా ఖండానికి తలుపు నా కెమెరా మూతేనని చెప్పుకుని తిరిగేవాణ్ణి.

కాస్త ఎక్కువైంది. వెళ్లినవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఒకాయన కలకత్తా రేవులో ఓడను చూసి, అంత ఇనుము నీళ్ల మీద ఎట్లా తేలుతుందని అనుమానపడి ఇంటికి వచ్చేశాడు. ఆయన్ని లెక్కలో ఉంచాలో తీసేయాలో నాకు ఇప్పటికీ తేలలేదు. ఫోటో మాత్రం బాగా వచ్చింది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు పాస్‌పోర్టు ఫోటో అంటే చిన్నచూపు చూస్తున్నారు. పెళ్లి ఫోటోల్లో కళ ఉందట, దీంట్లో ఏమీ లేదట. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. స్టూడియో ఎప్పుడు తెరిచామో, ఎన్ని బహుమతులు వచ్చాయో రాయను. బహుమతులు రాలేదు కూడా.

హంసల పరదా

నాకు పని నేర్పింది మా ఉస్తాద్. హైదరాబాద్‌లో నవాబుల ఫోటోలు తీసిన చెయ్యి అది, లేదా తీసిన చెయ్యి అని ఆయన చెప్పుకునేవాడు. నాకు మాటలు పెంచి చెప్పే గుణం ఆయన దగ్గరే అంటిందని మా ఇంట్లో అంటారు. పోలీసు యాక్షన్ తరువాత కరీంనగర్ వచ్చి, గడియారం స్తంభం దగ్గర స్టూడియో పెట్టాడు. స్టూడియోకు ప్రాణం ఒక పరదా. దాని మీద పాలరాతి మెట్లు, కొలను, కొలనులో హంసలు. ఒక హంస మెడ మాత్రం పొడుగు ఎక్కువై ఒంటెలా కనిపించేది. ఎవరైనా నవ్వితే ఉస్తాద్ వాళ్ల ఫోటోలు ఆలస్యంగా ఇచ్చేవాడు.

మాకు వచ్చిన మొదటి వీసా గిరాకీ మిషన్ బడి పంతులు ఒకాయన. బర్మాలో ఏదో క్రైస్తవ సభ చూడటానికి వెళ్తున్నాడు. రంగూన్ దాకా పోయే ఫోటో కదా అని మేము మా శక్తినంతా పెట్టాం. వెనక హంసలు, పక్కన పూలకుండీ, చెంప కింద చెయ్యి, చూపు ఆకాశం వైపు. కొన్నాళ్లకు ఫోటోలన్నీ తిరిగి వచ్చాయి. వెనక తెల్లగా ఉండాలి, తల మీద ఏమీ ఉండకూడదు, రెండు చెవులూ కనిపించాలి, చూపు సూటిగా ఉండాలి, చెయ్యి ఎక్కడా కనిపించకూడదు అని ఇంగ్లీషులో ఒక కాగితం జత చేశారు. పంతులు చదివి అర్థం చెప్పాడు.

ఉస్తాద్ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "అరె నారాణ, వాళ్లకు కావాల్సింది ఫోటో కాదు బేటా, పంచనామా" అన్నాడు.

ఈ పనిలో ఇంతకన్నా పెద్ద మాట నేను వినలేదు. కానీ విన్నానే గానీ చెవిలో పెట్టుకోలేదు. ఆ రోజు హంసల మీద ఉస్తాద్ పడుకునే తెల్ల దుప్పటి కట్టి ఫోటో తీశాం. పంతులు రంగూన్ వెళ్లాడు, వచ్చాడు. నాకు మాత్రం ఈ మాట నేర్చుకోవడానికి ఇంకొక మనిషి కావలసి వచ్చింది.

పెన్సిలు పొగరు

ఇప్పటి పిల్లలకు రీటచింగ్ అంటే తెలియదు. నెగటివ్ మీద వార్నిషు పూసి, దీపం ముందు పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెట్టేవాళ్లం. పెన్సిలు పెట్టినచోట ప్రింటులో తెల్లబడుతుంది. అంటే ముడతలు పోతాయి, మచ్చలు పోతాయి, కళ్ల కింద నలుపు పోతుంది. చిన్న కత్తితో గీకితే ఆ చోట నల్లబడుతుంది. అంటే మీసం మొలుస్తుంది. నా పెన్సిలు కింద పడి ముసలితనం పోగొట్టుకోని మనిషి జిల్లాలో లేడు. నిర్మల్‌లో బొమ్మలు చేసే ఒక పెద్దాయన తన ఫోటో చూసుకుని, "మేం కొయ్యకు గూడ గింత నునుపు పట్టియ్యం గదయ్యా" అన్నాడు. అది మెచ్చుకోలు అనుకుని నేను చాలా ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను.

సేటు రుమాలు

జమ్మికుంటలో ఈశ్వరయ్య సేటు పత్తి అడ్తిదారు. రైతుల పత్తిని యార్డులో కొనుగోలుదార్లకు అమ్మిపెట్టేవాడు. గొంతు పెద్దది. ఆయన ఇంట్లో దగ్గితే యార్డులో ధర పెరిగిందనుకునేవాళ్లు. బొంబాయి నుంచి వచ్చిన ఒక పత్తి కొనుగోలుదారు సయాం చూసి వచ్చిన ముచ్చట చెప్పాడట. అంతే, సేటు ఆ సాయంత్రమే యార్డు నడుమ నిలబడి, ఈసారి పత్తి రాకముందే ఇంటామెతో కలిసి సయాం పోయి వస్తానని ప్రకటించాడు. ఇప్పుడు థాయ్‌లాండ్ అంటున్న దేశమే. హమాలీలు అప్పుడే దండలు కూడా వేశారట. ఇక వెనక్కి తగ్గడానికి లేదు.

కావలసినవి సికింద్రాబాద్ ఏజెంటు రాసి పంపాడు. మద్రాసు నుంచి పాస్‌పోర్టు, అందులో సయాం పేరు రాసి ఉండాలి. పోనూ రానూ విమానం టికెట్టు. అక్కడ తిండికి లోటు లేదని బ్యాంకు కాగితం. మశూచికి, కలరాకు టీకాలు వేయించుకున్నట్టు పసుపుపచ్చ పుస్తకం. ఆపైన ఫోటోలు. అన్నీ చేరితే కలకత్తాలో ఉన్న సయాం ప్రభుత్వ కచేరీ వీసా ముద్ర వేస్తుంది.

సేటు ఎర్ర రుమాలు చుట్టుకుని, జేబుకు పెన్నులు పెట్టుకుని, గడియారం కనిపించేలా చొక్కా మడిచి వచ్చాడు.

"రుమాలు తియ్యాలి సేటూ" అన్నాను.

"ఎవలు సచ్చిండ్రని తియ్యాలె?"

"ఎవరూ చావలేదు. వాళ్ల రూలు."

"మా బాపు పోయిన్నాడు తీసిన. మళ్ల గిప్పుడు సయాం రాజు కోసం తియ్యాల్నా?"

ఉస్తాద్ నచ్చచెప్పాక తీశాడు. నుదుటి దాకా ఎండకు మాడిన నలుపు, ఆపైన గుడ్డులా తెల్లటి బోడితల. సేటు అద్దంలో చూసుకుని, గొంతు తగ్గించి, "నారాణా, జర వెంట్రుకలు పెట్టరాదు?" అన్నాడు. ఆయన గొంతు తగ్గించడం నేను వినడం అదే మొదలు, అదే చివర. జాలేసింది. కత్తి తీసుకుని నెగటివ్ మీద నున్నగా క్రాఫు మొలిపించాను.

అనసూయక్క

ఆయన భార్య అనసూయక్క పరదా వెనక కూర్చుని ఉంది. కొంగు కళ్ల దాకా ఉంది. చిన్నప్పుడు తల్లి పోసింది, అంటే మశూచి వచ్చింది. ముఖమంతా గుంటలు. పెళ్లిళ్లకు వెళ్లినా వంటశాల వైపే ఉండిపోయేదట. కుటుంబం ఫోటో తీసినప్పుడు ఎవరో ఒకరి వెనక నిలబడేదట. ఆమె ముఖంతో ఒక్క ఫోటో కూడా లేదు.

మాట మాత్రం చురుకు. టీకా వేసే ఇన్‌స్పెక్టరు ఆమెను చూసి తికమక పడ్డాడట. "గాయనకు నేనే చెప్పిన తమ్మీ" అంది. "తల్లి వచ్చి పోయిన ఇంట్ల మళ్ల ఏం పని అని. మొకమే సర్టిఫికెట్టు గదా అన్న. అయినా పొడిచిండు. సయాంల మొకం చదవరట, పుస్తకమే చదువుతరట."

ఫోటో తీశాను. ఆ నెగటివ్ ముందు కూర్చుని పెన్సిలు పట్టాను. మామూలుగా ఇంత పని చేయను. కానీ ఆమె స్టూలు మీద కొంగు తీసినప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంది. అది చూశాక చేయి ఆగలేదు. గుంట తరువాత గుంట పూడ్చుకుంటూ పోయాను. పెన్సిలు అరిగిపోతే ఇంకొకటి చెక్కాను. జీవితంలో అంత గొప్ప రీటచింగ్ నేను చేయలేదు, ఇంకెవరూ చేయలేదు. ఈ మాట మాత్రం పెంచి చెప్పడం లేదు. సరే, కొంచెం పెంచాను. చెవి దగ్గర ఒకచోట మరక మిగిలింది.

ప్రింటు చేతికిస్తే ఆమె చాలాసేపు చూసింది.

"గీమె ఎవలు?"

"నువ్వే అక్కా."

వెలుతురు వైపు తిరిగి మళ్లీ చూసింది. "అగో, మా అవ్వ" అంది. "తమ్మీ, నేను మా అవ్వ లెక్కనే ఉన్ననా? నాకెవ్వరు చెప్పలే." వాళ్లమ్మ ఎప్పుడో పోయిందట. సేటు గొంతు సవరించుకుని, బయటికి వెళ్లి, ఎవరి మీదో కారణం లేకుండా అరిచాడు.

కవరు తిరిగొచ్చింది

మద్రాసు వాళ్లు ఆ ఫోటోలతోనే పాస్‌పోర్టులు ఇచ్చేశారు. కలకత్తా దగ్గర బండి ఆగింది. సేటు వీసా వచ్చింది. ఆయన నెత్తి మీద నేను వేసిన పంట గురించి ఆ కచేరీ ఒక్క మాట అనలేదు. అక్క వీసా రాలేదు.

కారణం జమ్మికుంట పోలీసు జమేదారు. పాస్‌పోర్టు విచారణకు ఇంటికి వచ్చి, గుర్తింపు మచ్చలు అన్నచోట ఉన్నదున్నట్టు రాసుకున్నాడు: ముఖం నిండా మశూచి మచ్చలు. మద్రాసులో దాన్నే పాస్‌పోర్టులోకి ఎక్కించారు. కలకత్తా కచేరీ వాళ్లు ఆ మాట చదివారు, ఫోటో చూశారు. ఈ ఫోటో ఈమెది కాదు, సరైన ఫోటో పాస్‌పోర్టులోనూ మార్పించి పంపండి, అప్పుడు చూస్తాం అన్నారు.

సేటు కవరుతో స్టూడియోలోకి వచ్చిన తీరు ఇప్పటికీ గుర్తుంది. తలుపు కన్నా ముందు గొంతు వచ్చింది.

"ఏం కొంప ముంచినవ్ నారాణా! పత్తి పువ్వు పట్టింది. ఇంకొన్ని దినాలైతే బండ్లు యార్డుల దిగుతయ్. పోతే గిప్పుడే పోవాలె, లేకుంటే లేదు. దండలు గూడ ఏయించుకుంటి. హమాలీలకు ఏం మొకం చూపియ్యాలె?"

"నీ మొకానికి ఏమైంది?" వెనక నుంచి అక్క అంది. "నీది ముద్ర వడ్డది గదా. ఆగింది నాది."

ఇంకొక ఫోటో తీస్తాను, పెన్సిలు పెట్టను, వారంలో అంతా సరి చేయిస్తాను అన్నాను. అక్క కొంగు కళ్ల మీదికి లాక్కుంది.

"ఏమద్దు. నా మొకం గదే. గా ఫోటోతోనే పోత. లేకుంటే పోను."

సేటుకు ఒక ఉపాయం తోచింది. ఫోటోను ముఖానికి తగ్గట్టు మార్చనక్కరలేదు, ముఖాన్నే ఫోటోకు తగ్గట్టు మారుద్దామన్నాడు. మనిషిని కలకత్తా తీసుకెళ్లి ఎదురుగా నిలబెడితే వాళ్లే ఒప్పుకుంటారట. పక్క దుకాణం నుంచి స్నో, పౌడరు తెప్పించాడు. నేను బుద్ధి ఉన్నవాడినైతే వద్దనాలి. కానీ గుంటలు పూడ్చే విద్యలో నన్ను మించినవాడు లేడనుకునే రోజులు అవి. పొర మీద పొర రాశాం. అక్క అద్దం చూసుకుంది.

"పెండ్లిల సున్నం ఏసిన గోడ లెక్కున్న" అని ఒక్కసారిగా నవ్వింది. నవ్వగానే చెంప మీద పౌడరు పగిలి, పెచ్చు ఊడి సేటు పంచె మీద పడింది. ఆయన దాన్ని వేళ్లతో తీసి మళ్లీ అతికించబోయాడు. దాంతో ఆమె ఇంకా నవ్వింది. రెండో చెంప కూడా రాలింది.

ఉస్తాద్ అడిగిన మాట

అప్పటిదాకా మూలన కూర్చుని చాయ్ తాగుతున్న ఉస్తాద్ లేచాడు. నా పెన్సిలు తీసి తన షేర్వాణీ జేబులో పెట్టుకున్నాడు. అక్క ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"బేటీ, సయాంకు ఎందుకు పోతున్నవమ్మా?"

"ఈయన పోతుండని."

"ఈయన సంగతి ఇడ్సిపెట్టు. నువ్వెందుకు?"

అక్క తడిగుడ్డతో ముఖం మీద మిగిలిన పౌడరు తుడుచుకుంది. తరువాత అంది: "అక్కడ నన్నెవ్వరు ఎరుగరు గదా తాతా. జమ్మికుంటల కొంగు తీస్తే, అయ్యో పాపం అంటరు. నన్ను సూడంగనే, తల్లి పోసి సచ్చిన వాళ్ల పిల్లలను యాది చేసుకుంటరు. నాకు గది వినుడు చాతనైతలేదు. ఎవ్వరెరుగని ఊర్లె మొకం ఇప్పుకొని, జర గాలికి తిరుగుదామని."

సేటు పంచె మీది పౌడరు దులుపుకోవడం మరిచిపోయాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అది విని ఉండలేదు.

"మరి ముఖం చూపియ్యనీకె పోతున్నవు గదా బేటీ" అన్నాడు ఉస్తాద్. "అక్కడ తిప్పే ముఖం ఏదో దానికే తీస్కో వీసా. మా నారాణ చేసిన ముఖం మంచిదే. కానీ అది గాలికి తిరగలేదు. గోడకు తప్ప దేనికీ పనికిరాదు."

అక్క నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"సరే" అంది. "కానీ ఒక్క షరతు. గా ఫోటో పెద్దగ చేసి, పటం కట్టి ఇయ్యాలె. నా పెట్టెల నా ఎంబడి వస్తది. మా అవ్వ గూడ యాడికి పోలే."

దుప్పటి కట్టాం. గుంటలు కనపడేలా పక్క నుంచి వెలుతురు పెట్టాను. ఈసారి ఆమె కళ్లు తెరిచే కూర్చుంది. మరునాడు ప్రింటు చేతికిస్తే, పత్తిలో గింజ చూసినట్టు పట్టి పట్టి చూసి నా ముందుకు తోసింది.

"గీ చెంప మీద ఇంకో గుంట ఉండాలె. ఏది?"

"అది నీడలో పోయిందక్కా."

"పోతే ఎట్ల? మళ్ల కవరు తిరిగొస్తే నువ్వు తెస్తవా సయాంను జమ్మికుంటకు? మళ్ల తియ్యి."

మళ్లీ తీశాను. మచ్చ తప్పిపోయిందని గిరాకీ నన్ను తిట్టడం నా వృత్తిలో అదొక్కసారే. సేటు తన మనిషి చేత పాస్‌పోర్టు మద్రాసు పంపించి ఫోటో మార్పించాడు, అక్కడి నుంచి కలకత్తా పంపించాడు. యార్డులో పత్తి బండ్ల కోసం చోటు ఊడుస్తుండగా ముద్ర పడి వచ్చింది. హమాలీలు మళ్లీ దండలు వేశారు.

వచ్చాక

ఇక్కడ నేనొక పెద్ద మాట రాద్దామనుకున్నాను. నేను చేసిన పటం బ్యాంకాకులో రాజుగారి మేడలో వేలాడుతోందని చాలామందికి చెప్పాను కూడా. అది జమ్మికుంటలో సేటు ఇంట్లో, ఇనప్పెట్టె పైన వేలాడుతోంది. కానీ సయాం పోయి వచ్చిన మాట మాత్రం నిజం. ఎట్లా పోయి వచ్చిందో అక్క సేటుతో పాటు స్టూడియోకు వచ్చి చెప్పింది. కొంగు భుజం మీదే ఉంది. నేను అది గమనించినట్టు కనపడకుండా కెమెరా తుడుస్తూ నిలబడ్డాను.

"ఎవ్వరు సూడలే తమ్మీ" అంది. "బజార్లు తిరిగిన, పడవెక్కిన, గుళ్లు సూసిన. ఒక్కలు గూడ రెండోసారి సూడలే. అందరు మీ బావ రుమాలునే సూసిండ్రు. పిల్లలైతే ఎంబడి వడ్డరు."

"మరి విమానాశ్రయంలో ఇబ్బంది పెట్టలేదా?"

"నన్నా? నా పాసుపోర్టు సూసిండు, నా మొకం సూసిండు, ముద్ర ఏసిండు. మీ బావనే ఆపిండ్రు."

సేటు పరదా మీది హంసలను శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

"రుమాలు తియ్యమన్నరు. తీసిండు. ఫోటోల జుట్టు, నెత్తి మీద బోడి. అక్కడ సామాన్లు మోసే గోరఖ్‌పూర్ పిల్లగాడు ఒకడు ఉర్దూల మాకూ వాళ్లకూ నడుమ మాట చెప్తుండె. జుట్టు ఏదని అడిగితే మీ బావ ఏమన్నడో ఎరుకేనా? విమానంల గాలికి రాలిపోయిందన్నడు."

"మరేమనాలె?" సేటు హంసల వైపే చూస్తూ అన్నాడు. "నారాణ పెట్టిండు అనాల్నా?"

"నవ్వి నవ్వి ఇడ్సిపెట్టిండ్రు. తర్వాత పెట్టె తెరిచిండ్రు. మీద గా పటం. పోలీసాయన తీసి పట్టుకొని, గీమె ఎవరని అడిగిండు. నేనే అంటే మళ్ల కలకత్తా కథ మొదలైతది గదా. ఈయన లెక్క నాకు అబద్ధం ఆడరాదు, కానీ ఆడిన. నా చెల్లె అన్న."

"నమ్మాడా?"

"నమ్మిండు. మంచిగున్నదని గూడ అన్నడు. నీకు చెప్పుమన్నట్టే అన్నడు. మళ్ల అడిగిండు, మరి ఆమె ఎందుకు రాలే అని."

"ఏమన్నావక్కా?"

"ఏమంట తమ్మీ? ఉన్నదే చెప్పిన. ఆమెకు వీసా దొర్కలే అన్న."